చిన్న తోట ఎర్ర వైన్: సీసా మీద ఎవరి పేరు, లోపల ఎవరి పని

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి పండించే రైతుకు తన కాయ చివరికి ఏ రూపంలో, ఏ దేశంలో, ఎవరి పేరుతో అమ్ముడుపోతుందో తెలియదు. చెట్టు పెంచేది ఒకరు, కాయను గుజ్జుగా మార్చేది మరొకరు, డబ్బా మీద పేరు వేసుకొని అమ్మేది ఇంకొకరు. 2025 వేసవిలో ధర కుప్పకూలినప్పుడు కిలోకు 12 రూపాయలైనా రైతు చేతికి అందాలని, అందులో 4 రూపాయలు ప్రభుత్వమే భరించాలని నిర్ణయించవలసి వచ్చిందంటే, ఈ వరుసలో మొదట నిలబడ్డవాడి బలమెంతో తెలిసిపోతుంది. చిన్న కుటుంబం నడిపే ద్రాక్షతోట నుంచి వచ్చే ఎర్ర వైన్‌ను అర్థం చేసుకోవడానికి ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఆ సీసాను మిగతా సీసాల నుంచి వేరు చేసేది పాతకాలపు రహస్యమేదీ కాదు. పండించడం, పులియబెట్టడం, అమ్మడం అనే మూడు పనులూ ఒకే ఇంటి చేతిలో ఉండడం. దాని ధర ఎందుకంత, రుచి ఏటేటా ఎందుకు మారుతుంది, లేబుల్ మీద ఏ మాటను నమ్మాలి, ఇలాంటి తోటలు కర్ణాటకలో వేళ్లూనినంతగా మన వైపు ఎందుకు వేళ్లూనలేదు అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా ఎరుపు సంగతి. నల్ల ద్రాక్షను పిండితే వచ్చే రసం, కొద్ది రకాలను మినహాయిస్తే, దాదాపు రంగులేనిదే. రంగునిచ్చే ఆంథోసయనిన్లు తొక్కలో ఉంటాయి. నాలుకను పట్టేసే వగరుకు కారణమైన టానిన్లు తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. అందుచేత రసాన్ని తొక్కతో, గింజతో కలిపి పులియబెడితేనే ఎర్ర వైన్ అవుతుంది. అవే నల్ల కాయలను మెల్లగా పిండి తొక్కను వెంటనే తీసేస్తే తెల్ల వైన్ తయారవుతుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసే పని చాలావరకు అదే. తినే ద్రాక్ష ఈ పనికి కుదరకపోవడానికి కారణం కూడా తొక్కే. తినే ద్రాక్షలో కాయ పెద్దదిగా, తొక్క పలచగా, గింజ లేకుండా ఉండాలని కోరుకుంటాము, పరిమాణం పెరగడానికి జిబ్బరెలిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోన్‌ను సైతం వాడుతారు. వైన్ ద్రాక్షలో కోరేది సరిగ్గా దీనికి విరుద్ధం: చిన్న కాయ, మందమైన తొక్క, గింజలు, అధికమైన తీపి. తినే ద్రాక్షను 16 నుంచి 18 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతాన్ని చెప్పే కొలత) దగ్గర కోస్తే, ఎర్ర వైన్ ద్రాక్షను 22 నుంచి 25 బ్రిక్స్ వచ్చేదాకా ఆగి కోస్తారు. లీటరు రసంలోని ప్రతి 17 గ్రాముల చక్కెర నుంచి సుమారు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది గనుక, సీసా మీద కనిపించే 13 లేక 14 శాతమన్న అంకె చాలావరకు కోత రోజున తోటలోనే తేలిపోతుంది.

కోత రోజును ఎంచుకోవడం వినడానికి తేలికగా ఉంటుంది. కాయలో చక్కెర పెరిగేకొద్దీ పులుపు తగ్గుతుంది. ఈ రెండింటితో సంబంధం లేనట్టుగా తొక్కలోని వగరు తన వేగంతో తాను మెత్తబడుతుంది. వేడి ప్రాంతంలో చక్కెర ముందే నిండిపోయి, తొక్క ఇంకా పచ్చిగానే ఉండిపోతుంది. అప్పుడు ఆగితే మత్తు ఎక్కువై పులుపు చచ్చిన వైన్ వస్తుంది, ఆగకపోతే పచ్చి వగరు మిగులుతుంది. కాయను బయటి రైతుల నుంచి కొనే పెద్ద కంపెనీకి కూలీలు, లారీలు, ఖాళీ ట్యాంకులు కుదిరిన రోజే కోత రోజు. తోటలోనే కాపురమున్న కుటుంబం మాత్రం ఒకే తోటను మూడు విడతలుగా, ఎండ పడే వైపు ముందు, నీడ వైపు తరువాత కోయగలదు. చిన్న తోటకు నిజమైన అనుకూలత ఏదైనా ఉన్నదంటే, నా అభిప్రాయంలో, ముందుగా చెప్పవలసింది ఇదే.

కోసిన కాయను నలిపి ట్యాంకులో వేసిన తరువాత శాకరోమైసిస్ సెరెవిసియే అనే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. పైకి వచ్చే వాయువు తొక్కలన్నింటినీ ఎత్తి, రసం మీద దట్టమైన అట్టలా పేరుస్తుంది. ఆ అట్టను రోజుకు రెండు మూడుసార్లు కిందికి తొక్కాలి, లేదా కింది రసాన్ని పంపుతో పైకి తోడి దాని మీద పోయాలి. అలా చేయకపోతే రంగు దిగదు సరికదా, గాలి తగిలిన తొక్కల మీద వెనిగర్ బ్యాక్టీరియా చేరుతుంది. ఎర్ర వైన్‌ను సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల మధ్య పులియబెడతారు. పులిసే క్రియే వేడిని పుట్టిస్తుంది గనుక చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ట్యాంకు 35 డిగ్రీలు దాటి ఈస్ట్ చతికిలపడుతుంది, చక్కెర సగంలో మిగిలిపోతుంది. మార్చి నెలలోనే ఎండ దంచే ప్రాంతంలో దీని అర్థం ఏమిటంటే, వైన్ ఖర్చులో కరెంటు బిల్లుకు గౌరవప్రదమైన స్థానం ఉంటుంది.

ఇక్కడే మరొక కీలకమైన నిర్ణయం ఉన్నది. రంగు నీటిలో త్వరగా కరుగుతుంది కాబట్టి మొదటి నాలుగైదు రోజుల్లోనే చాలావరకు రసంలోకి దిగిపోతుంది. గింజలోని వగరు మాత్రం ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతుంది. తొక్కలను వారానికే వడకట్టి తీసేస్తే మృదువుగా, త్వరగా తాగదగినట్టుగా ఉండే వైన్ వస్తుంది. మూడు వారాలు ఉంచితే గట్టిగా, ఏళ్ల తరబడి నిలువ చేయదగినట్టుగా ఉండేది వస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ ముందే రాసిపెట్టి ఉండని తేదీ. రోజూ రుచి చూసి నిర్ణయించే మనిషి ఎవరైతే వైన్ చాలావరకు ఆ మనిషిదే. ఆ తరువాత ఈనోకాకస్ ఈనై అనే బ్యాక్టీరియా, పుల్లమామిడిని గుర్తుచేసే మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దాదాపు ఎర్ర వైన్‌లన్నీ ఈ దశ దాటుతాయి.

అప్పుడు పీపా వస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ప్రామాణిక ఓక్ చెక్క పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే సరిగ్గా 300 సీసాలు. చెక్క గుండా అతి స్వల్పంగా చొరబడే గాలి రంగును, వగరును ఒకదానితో ఒకటి ముడివేసి స్థిరపరుస్తుంది. కొంత వైన్ ఆవిరైపోతుంది గనుక అప్పుడప్పుడు నింపుతూ ఉండాలి. వగరు మరీ ఎక్కువైతే పీపాకు నాలుగైదు గుడ్ల తెల్లసొన కలపడం ఐరోపాలో పాత పద్ధతి: ఆ మాంసకృత్తులు టానిన్‌ను పట్టుకొని అడుగుకు చేరతాయి, పైన ఉన్నదాన్ని తేటగా తోడుకుంటారు. ద్రాక్ష నుంచి వచ్చినది కాబట్టి నిస్సందేహంగా శాకాహారమే అనుకునే తిరుపతి పాఠకులు ఈ వివరం గమనించవచ్చు. గుడ్డు, పాల అవశేషాలు ఉంటే లేబుల్ మీద రాయాలని ఐరోపా నిబంధనలు చెబుతాయి. బెంటొనైట్ అనే బంకమన్నుతో తేర్చే తయారీదారులూ ఉన్నారు, ఏదీ కలపకుండా కాలానికే వదిలేసేవారూ ఉన్నారు.

ధర ఎందుకంత అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద వేసి చూడవచ్చు. తినే ద్రాక్ష పందిరి మీద ఎకరాకు పది టన్నులు, అంతకు మించి కూడా పండుతుంది. నాణ్యమైన ఎర్ర వైన్ కోసం పెంచే తోటలో గుత్తులను కావాలనే తగ్గించి ఎకరాకు రెండు మూడు టన్నుల దగ్గర ఆపుతారు. టన్ను కాయ నుంచి ఆరు ఏడు వందల లీటర్ల వైన్ వస్తుంది. రెండెకరాల కుటుంబానికి, మూడు టన్నుల లెక్కన, ఆరు టన్నుల కాయ, సుమారు నాలుగు వేల లీటర్లు, అంటే ఐదు వేల పైచిలుకు సీసాలు. ఆ మొత్తాన్ని పీపాల్లో ఉంచాలంటే పదిహేడు, పద్దెనిమిది పీపాలు కావాలి. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా ఒక్కొక్కటి దాదాపు 800 యూరోలు, ఆపైన పలుకుతుంది కాబట్టి పూర్తిగా కొత్త పీపాలు వాడితే చెక్క ఖర్చే సీసాకు రెండున్నర యూరోలు దాటుతుంది. మొక్క నాటిన మూడో ఏటికి గాని మొదటి కాపు రాదు. పీపాలో ఏడాది, ఏడాదిన్నర, ఆ పైన సీసాలో కొన్ని నెలలు. నాటిన రోజుకూ మొదటి రూపాయి చేతికి వచ్చిన రోజుకూ మధ్య ఐదేళ్లు గడుస్తాయి. ఈ ఐదేళ్ల వడ్డీ సీసా ధరలో ఉంటుంది. దాని సంగతి లేబుల్ చెప్పదు.

రుచిలో ఏటేటా వచ్చే మార్పు కూడా ఈ పరిమాణం నుంచే పుడుతుంది. పెద్ద సంస్థ పలు గ్రామాల కాయను, పలు ట్యాంకుల వైన్‌ను కలిపి, గత సంవత్సరం కొన్నవారికి ఈ సంవత్సరమూ అదే రుచి అందేలా సరిచేస్తుంది. దాన్ని మోసమనడానికి వీల్లేదు, అది నైపుణ్యమే. చిన్న కుటుంబం దగ్గర కలపడానికి మరో తోట లేదు. వాన ఎక్కువైన సంవత్సరం పలచని వైన్, ఎండ ఎక్కువైన సంవత్సరం ఘాటైన వైన్. అందుకే అలాంటి సీసా మీద సంవత్సరమన్నది అలంకారం కాదు, కొనేవాడు ముందుగా చూడవలసిన అంకె. ఐరోపాలో ఒక సంవత్సరం పేరు వేయాలంటే కనీసం 85 శాతం కాయ ఆ ఏటిదే అయి ఉండాలి.

లేబుల్ మాటల్లో బరువున్నవి కొన్ని, లేనివి కొన్ని. ‘కుటుంబం’, ‘చేతితో చేసినది’, ‘పాత తీగలు’ అన్నవి చాలా దేశాల్లో ఎవరైనా రాసుకోదగిన మాటలు. అమెరికాలో ‘రిజర్వ్’ అనే మాటకు చట్టపరమైన అర్థం లేదు. స్పెయిన్‌లోని రియోహాలో మాత్రం ఎర్ర వైన్‌ను ‘రిసెర్వా’ అనాలంటే మూడేళ్ల నిలువ, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో ఉండి తీరాలి. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అనేది అమెరికాలో గట్టి మాట: నూటికి నూరు శాతం కాయ ఆ సంస్థ సొంత భూమిలోనో, దాని అదుపులోని భూమిలోనో పండి, అక్కడే వైన్‌గా మారి, అక్కడే సీసాలోకి ఎక్కాలి. ఫ్రెంచ్ సీసా మీద ‘మీజ్ ఆన్ బుతేయ్ ఓ దొమేన్’ అని ఉంటే అది తోట యజమాని చేతిలోనే నిండిన సీసా. ‘ఆ లా ప్రొప్రియేతే’ అని ఉంటే మాత్రం అది రైతుల సహకార సంఘంలో నిండినదై ఉండవచ్చు, ఎందుకంటే ఫ్రెంచ్ చట్టం సహకార సంఘాన్ని రైతు ఆస్తికి కొనసాగింపుగానే చూస్తుంది. ఈ సూక్ష్మాన్ని చాలామంది పట్టించుకోరు గాని, వ్యాసం చివర దీనితో పని ఉంది.

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో చిన్న తోటలు అంత ఎక్కువగా ఉండడానికి ప్రేమ, సంప్రదాయం కారణాలని పర్యాటక కరపత్రాలు చెబుతాయి. అసలు కారణాల్లో ముఖ్యమైనది ఆస్తి పంపకం. ఫ్రెంచ్ విప్లవ కాలంలో మఠాల భూములను జప్తు చేసి అమ్మేశారు. ఆ తరువాత 1804 నాటి నెపోలియన్ స్మృతి పిల్లలందరికీ వాటా ఇవ్వాలన్నది. సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు ఒకప్పుడు ఒకే ప్రహరీ కట్టిన క్లో ద వూజో అనే యాభై హెక్టార్ల తోటకు నేడు దాదాపు ఎనభై మంది యజమానులున్నారు. ఒకే గోడ లోపల, ఒకే పేరుతో, ఎనభై చేతుల వైన్. అన్నదమ్ముల వాటాల కింద ఐదెకరాలు రెండెకరాలుగా, రెండెకరాలు ఎకరంగా చీలడం మన పడమటి మండలాల వారికి కొత్త విషయమేమీ కాదు. తేడా ఎక్కడంటే, అక్కడి రెండెకరాల వారసుడు సీసాను అమ్ముతాడు, ఇక్కడి రెండెకరాల వారసుడు కాయను అమ్ముతాడు. ప్రపంచంలోనే అతి ఖరీదైన ఎర్ర వైన్‌లలో ఒకటైన రొమానే కోంతీ తోట విస్తీర్ణం నాలుగున్నర ఎకరాలే.

మరి మన నేల మాటేమిటి? ద్వీపకల్ప భారతంలో ద్రాక్షతీగ చలికి నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దానికి కాలచక్రాన్ని మనమే కల్పించాలి: ఏప్రిల్ ప్రాంతంలో ఒక కత్తిరింపు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కాపు కోసం మరొకటి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య కోత. మహారాష్ట్ర ద్రాక్ష ప్రాంతమైన నాసిక్‌లో అక్టోబర్ తరువాత వాతావరణం పొడిగా ఉంటుంది, లేత చిగురుకు అది రక్ష. తిరుపతి వైపు అసలు వానలు పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోలేదు. సరిగ్గా పూత సమయంలో తడిస్తే బూజు తెగులు తోటను తినేస్తుంది. అందుచేత తిరుపతి మైదానం ఎర్ర వైన్‌కు తగదు. పలమనేరు, కుప్పం వైపు కథ వేరు: సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనున్న పీఠభూమి, చల్లని రాత్రులు, ఈశాన్య రుతుపవనాల ఉధృతి కొంత తక్కువ. పలమనేరు దాటి ముళబాగిలు మీదుగా కోలారు చేరితే అక్కడ ద్రాక్ష తోటలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ప్రాంతానికి చెందిన బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దానితో తియ్యని పోర్ట్ తరహా వైన్ చేస్తారు గాని, దాని అమెరికన్ మూలాల వాసన వల్ల తీపి లేని (డ్రై) ఎర్ర వైన్‌కు అది సరిపోదు. దానికోసం కాబెర్నే సావిన్యోన్, షిరాజ్ లాంటి వైన్ ద్రాక్ష రకాలను, వేరు కోసం పెంచిన మరో రకం మొక్క మీద అంటుకట్టి నాటాలి.

నేల ఇంచుమించు ఒకటే అయినా సరిహద్దు దాటగానే చట్టం మారుతుంది. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం రాష్ట్రాల అంశం, జీఎస్టీ పరిధికి బయటిది. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చి, ఎక్సైజ్ రాయితీలిచ్చింది. కర్ణాటక 2007లో ఆ దారి పట్టి వైన్ బోర్డును ఏర్పాటు చేసింది. నంది కొండల దిగువన గ్రోవర్ కుటుంబం 1988లోనే మొదలుపెట్టిన తోట అప్పటికే అక్కడ ఉన్నది. మన చరిత్ర వేరు. 1992 నాటి నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం, 1995 సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు, 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడపడం, 2024 అక్టోబర్‌లో తిరిగి ప్రైవేటుకు ఇవ్వడం. ఈ మలుపుల్లో ఎక్కడా ‘రైతు తన పంటతో చేసిన వైన్’ అనే ప్రత్యేకమైన గది తెరుచుకోలేదు; చర్చ ఎప్పుడూ సారా, బ్రాందీల చుట్టూనే తిరిగింది, తాగుడు బారిన పడ్డ కుటుంబాల కన్నీళ్లు చూసినవారికి అది సహజంగానే తోస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో కుండలో పులియబెట్టడం కూడా ఎక్సైజ్ చట్టం కింద నేరమేనని ఇక్కడ చెప్పుకోవాలి.

చిన్న తయారీదారును అసలు దెబ్బ తీసేది అమ్మకం. మన దగ్గర టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌ది, తమిళనాడులో టాస్మాక్‌ది, కర్ణాటకలో మరొక కార్పొరేషన్‌ది. మూడు రాష్ట్రాలూ కలిసే కుప్పం దగ్గర ఒక తోట ఉందనుకుంటే, అరగంట ప్రయాణంలో ఉన్న మూడు మార్కెట్లకు మూడు లేబుల్ నమోదులు, మూడు రకాల సుంకాలు. ఆ ఖర్చు ఐదు లక్షల సీసాల మీద పరుచుకుంటే కనిపించదు, ఐదు వేల సీసాల మీద పడితే మోయలేరు. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల సంస్థను నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు క్రిస్మా ఎస్టేట్స్ పేరుతో కాబెర్నే సావిన్యోన్, సాంజియోవేసె లాంటి ఎర్ర రకాలు పెంచి సొంత వైన్ చేస్తున్నారు. ఆ తోట ఉన్నది కర్ణాటకలో, హంపీ కొండల ప్రాంతంలో. తెలుగు కుటుంబానికి సాధ్యమే, అయితే వెనుక మరొక వ్యాపారం ఉన్నవారికి. పలమనేరు రెండెకరాల రైతుకు ఆ ఐదేళ్లు ఎవరు పోషిస్తారు?

ఆరోగ్యం పేరుతో ఎర్ర వైన్‌ను వెనకేసుకురావడం మాత్రం వద్దు. రెస్వెరట్రాల్ అనే పదార్థం తొక్క నుంచి వైన్‌లోకి వస్తుంది గాని, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించదు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. తాగేవారికి ఒక ఆచరణాత్మకమైన మాట: ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర తాగాలన్న సూత్రం ఐరోపా రాతి ఇళ్లలో, 16 నుంచి 18 డిగ్రీల గదుల్లో పుట్టింది. మే నెల తిరుపతి గదికి అది వర్తించదు. ఆ వేడిలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం గడిపిన సీసా లోపల ఉడికిపోయి ఉంటుంది, ఎంత గొప్ప కుటుంబం చేసినదైనా.

రెండెకరాల రైతు పెట్టుబడి ప్రశ్నకు ఫ్రాన్స్ దక్షిణాది రైతులు ఒక జవాబు కనిపెట్టారు. లాంగ్‌డాక్ ప్రాంతంలోని మరోసాన్ గ్రామంలో 1901లో చిన్న రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. కాయ ఎవరిది వారిదే, ట్యాంకులు, పీపాలు, అమ్మకం ఉమ్మడివి. పైన చెప్పిన ‘ఆ లా ప్రొప్రియేతే’ అన్న మాట ఇలాంటి చోట్ల నుంచి వచ్చే సీసాల మీదా కనిపిస్తుంది. ఒంటరి కుటుంబపు సీసా మీద ఉండే మోజు దీని మీద ఉండదు, కానీ మన పరిస్థితికి ఇదే దగ్గరి నమూనా అని నాకనిపిస్తుంది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు వేసవి చివరి నెలలే అసలైన పని కాలం. ద్రాక్ష కోతకు వచ్చే ఫిబ్రవరి, మార్చిలలో వాటి స్టీలు ట్యాంకులకూ చల్లబరిచే యంత్రాలకూ మామిడి పని ఉండదు. ఆహార ఫ్యాక్టరీ ఆవరణలో మద్యం తయారీకి నేటి ఎక్సైజ్ నిబంధనలు చోటివ్వవు, విడిగా బంధించిన ఆవరణ, విడి లైసెన్సు కావాలి. ఆ లైసెన్సును రైతు సంఘం పేరున ఇస్తారా, ఫ్యాక్టరీ యజమాని పేరున ఇస్తారా అన్నదాన్ని బట్టి సీసా మీద పడే పేరు మారుతుంది, కిలో కాయకు రైతుకు దక్కే ధర కూడా మారుతుంది.